మెడ స్కానింగ్‌లో '0.82 ఎంఎం' అని వచ్చిందా? ఆ నంబర్ మెషీన్ ఎలా చెప్తుంది.. ఎంతవరకు నమ్మొచ్చు?

గత నెలలో మా డెస్క్‌లో కొలీగ్ ఒకరు ఫోన్ పట్టుకుని నా సీటు దగ్గరకి వచ్చారు. వాళ్ల నాన్నగారికి ఫుల్ బాడీ చెకప్ చేయించారు. ఆయన వయసు 61. ప్యాకేజీలో మెడ దగ్గర స్కానింగ్ కూడా ఉంది. రిపోర్టులో ఒక లైన్ చుట్టూ ఎవరో పెన్నుతో సున్నా చుట్టారు. కుడి వైపు 0.82 ఎంఎం, ఎడమ వైపు 0.79 ఎంఎం. పక్కనే చిన్న అక్షరాల్లో 'ఆటో' అని ఉంది. "హెల్త్ వార్తలు నువ్వే కదా రాస్తావ్.. ఇది ఎక్కువా, తక్కువా చెప్పు" అన్నారు.

అప్పటికే ఇంట్లోవాళ్లు ఆన్‌లైన్‌లో వెతికేశారట. ఒకచోట 0.9 లోపు ఉంటే నార్మల్ అని ఉంది. ఇంకోచోట 0.8 దాటితే జాగ్రత్త అని ఉంది. రెండూ చదివాక ఆ రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. వాళ్ల అమ్మగారైతే నెయ్యి డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేశారు.

ఈ టెస్ట్ ఇప్పుడు చాలా హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కనిపిస్తోంది. నొప్పి లేదు, సూది లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. చివర్లో పాయింట్ తర్వాత రెండంకెలతో ఒక నంబర్ చేతికొస్తుంది. అంత కచ్చితంగా కనిపించే నంబర్ చూస్తే ఎవరికైనా భయమో ధైర్యమో కలుగుతుంది. అసలు అది ఎక్కడి నుంచి వస్తుంది? దాని మీద ఎంత బరువు పెట్టొచ్చు?

కొలిచేది ఏంటి?

గొంతుకి పక్కగా, దవడ కింద వేలు పెట్టి చూడండి. నాడి కొట్టుకుంటుంది. అదే కెరోటిడ్ ధమని. గుండె నుంచి మెదడుకి రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద దారుల్లో ఇదొకటి, రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. దీని గోడకి మూడు పొరలు. రక్తాన్ని తాకే లోపలి పొర ఇంటిమా, మధ్యలో కండరంతో ఉండేది మీడియా, బయట గట్టి తొడుగులా ఉండేది అడ్వెంటీషియా. వీటిలో మొదటి రెండింటిని కలిపి కొలిస్తే వచ్చేదే ఇంటిమా మీడియా థిక్‌నెస్. రిపోర్టుల్లో ఐఎంటీ అనో సీఐఎంటీ అనో రాస్తారు.

రెండింటినీ కలిపి ఎందుకు అంటే, అల్ట్రాసౌండ్‌కి వాటి మధ్య సరిహద్దు కనపడదు. స్కానింగ్ తెర మీద ధమని గోడ రెండు తెల్లటి గీతల్లా, మధ్యలో సన్నని నల్లటి పట్టీతో కనిపిస్తుంది. రైలు పట్టాల్లా అనుకోండి. మొదటి గీత రక్తం ఆగి గోడ మొదలయ్యే చోటు. రెండో గీత మీడియా అయిపోయి అడ్వెంటీషియా మొదలయ్యే చోటు. ఇటలీలోని మిలాన్‌లో పావొలో పిన్యోలి బృందం ఈ రెండు గీతల మధ్య దూరాన్ని అసలు ధమనుల ముక్కల మీద కొలిచిన మందంతో పోల్చి, రెండూ సరిపోతున్నాయని 1986లో 'సర్క్యులేషన్' జర్నల్‌లో చూపించింది. ఈ పరీక్ష అక్కడి నుంచే ఊపందుకుంది.

మరి గుండె సంగతి తెలియాలంటే మెడ దగ్గర చూడటం ఏంటి? గుండె రక్తనాళాలు లోతుగా ఉంటాయి, సన్నగా ఉంటాయి, గుండెతో పాటు నిరంతరం కదులుతుంటాయి. మెడలోని ధమని చర్మం కింద కొద్ది లోతులోనే నిటారుగా ఉంటుంది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం ఒంట్లో ఒక్కచోటే జరిగే పని కాదు కాబట్టి, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూసినట్టు ఇక్కడ చూస్తారు. ఆలోచన బాగానే ఉంది. కానీ ఈ అన్నం అంతా ఒకేలా ఉడకదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఒక కాగితం మందంలో పదో వంతు

ముందు ఈ కొలత ఎంత చిన్నదో చూద్దాం. మనం ప్రింటర్‌లో పెట్టే ఏ4 కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. అంటే ఆ నాన్నగారి ధమని గోడ ఎనిమిది కాగితాలంత. ఇరవైల్లో ఉన్న ఆరోగ్యవంతుడికి ఐదు కాగితాలు అటూ ఇటూగా ఉంటుంది. వయసుతో పాటు ఏటా 0.01 మిల్లీమీటరు, ఇంకా తక్కువ చొప్పున పెరుగుతూ పోతుంది. ఏడాది మొత్తానికి పెరిగేది ఒక కాగితం మందంలో పదో వంతు అన్నమాట.

ఇప్పుడు కొలిచే సాధనం చూడండి. శబ్దం మన ఒంట్లోని మెత్తటి భాగాల్లో సెకనుకి సుమారు 1540 మీటర్ల వేగంతో వెళ్తుంది. మెడ స్కానింగ్‌కి వాడే ప్రోబ్ 10 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుందనుకుందాం. అప్పుడు ఒక్కో శబ్ద తరంగం పొడవు దాదాపు 0.15 మిల్లీమీటరు. అంటే ధమని గోడ మొత్తం ఐదారు తరంగాలంత కూడా లేదు. ఏడాదికి పెరిగే మందం ఒక తరంగంలో పదిహేనో వంతు. మూరతో బియ్యపు గింజ కొలుస్తున్నట్టే.

ఒక్కసారి, ఒక్కచోట కొలిస్తే ఇంత చిన్న తేడా అస్సలు పట్టుబడదు. అందుకే గోడ వెంట ఒక సెంటీమీటరు పొడవునా వందల చోట్ల కొలిచి, వాటన్నిటి సగటు తీస్తారు. ఒక్కో కొలతలో ఉండే చిన్న చిన్న తప్పులు ఎక్కువ తక్కువలుగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆటోమేటిక్ కొలత అవసరం ఇక్కడే మొదలైంది. మనిషి కూర్చుని వందల చోట్ల కొలవాలంటే ఎవరికీ ఓపిక ఉండదు.

చేత్తో క్లిక్ చేసే రోజుల నుంచి

మొదట్లో తెర మీద కర్సర్‌తో పై గీత మీద ఒక క్లిక్, కింద గీత మీద ఒక క్లిక్ చేసేవాళ్లు. రెండు మూడు చోట్ల కొలిచి సగటు రాసేవాళ్లు. ఇప్పటికీ చాలా సెంటర్లలో జరిగేది ఇదే. సమస్య ఏంటంటే తెల్లటి గీతకి కూడా కొంత మందం ఉంటుంది. ఒకరు గీత పై అంచున క్లిక్ చేస్తారు, ఇంకొకరు మధ్యలో చేస్తారు. అదే మనిషి ఆరు నెలల తర్వాత అదే ఫొటో కొలిస్తే వేరే అంకె రావచ్చు. పేషెంట్‌కి షుగర్ ఉందని ముందే తెలిస్తే చెయ్యి తెలియకుండానే కొంచెం మందం వైపు జరగొచ్చు. కావాలని కాదు, మనుషులం కదా.

సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, ఫొటోని సన్నని నిలువు చారలుగా కోసినట్టు చూస్తుంది. ఒక్కో చారలో పై నుంచి కిందకి దిగుతూ చీకటి నుంచి వెలుగుకి ఎక్కడ మారుతోందో వెతుకుతుంది. రక్తం నల్లగా ఉంటుంది, గోడ మొదలు కాగానే వెలుగు. అలా రెండు మార్పులు దొరికితే మధ్య దూరమే ఆ చారలో మందం. అయితే అల్ట్రాసౌండ్ ఫొటో ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఒక్కో చారని విడిగా చూస్తే ఏదో ఒక చుక్కని గోడ అనుకుని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే పక్క చారతో పొంతన చూడమని నియమం పెడతారు. చీకట్లో పొలం గట్టు మీద నడిచే మనిషి ఒక్కసారిగా పక్క మడిలోకి దూకడు, అడుగు పక్కన అడుగు వేస్తూ వెళ్తాడు. ప్రోగ్రామ్ కూడా అంతే, వెలుతురు బాగా మారే చోట్లని కలుపుతూ, ఎక్కడా గెంతకుండా సాగే గీతని ఎంచుకుంటుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 1990లలో ఈ పద్ధతితో ఆటోమేటిక్ కొలతని బాగా ముందుకి తీసుకెళ్లారు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ బృందం ఇంకో దారి పట్టింది. ఫొటోగా మారకముందే ప్రోబ్‌కి తిరిగొచ్చే అసలు సిగ్నల్‌లోంచే గోడ ఎక్కడుందో లెక్కగట్టింది. ఇక ఇటీవల అంతా ఏఐ. నిపుణులు గీతలు గీసిన వేల ఫొటోలు చూపించి మెషీన్‌కి నేర్పిస్తున్నారు. అది నేర్చుకునేది ఆ నిపుణుల నుంచే కాబట్టి, వాళ్లు తప్పు గీస్తే ఇదీ తప్పే గీస్తుంది. 'ఏఐ రిపోర్ట్' అన్న ముద్ర చూసి మురిసిపోయే ముందు ఈ ముక్క గుర్తుంచుకుంటే చాలు.

ఒక విషయంలో మాత్రం మెషీన్‌ని ఒప్పుకోవాలి. ఒకే ఫొటో మీద ఒకే సాఫ్ట్‌వేర్‌ని ఎన్నిసార్లు నడిపినా ఒకే సమాధానం వస్తుంది. దానికి అలసట లేదు, పేషెంట్ ఎవరో తెలియదు. వేల మందిని ఏళ్ల తరబడి కొలిచే పరిశోధనలకి ఇది పెద్ద మేలు. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ లక్ష మందికి స్కానింగ్‌లు చేయాలనే లక్ష్యంతో 2014లో పని మొదలుపెట్టింది. అందులో కెరోటిడ్ కొలత ఆటోమేటిక్‌గానే తీసుకున్నారు.

మరి తప్పు ఎక్కడ దూరుతుంది?

మెషీన్ తన ముందుకొచ్చిన ఫొటోని చక్కగా కొలుస్తుంది. కానీ ఆ ఫొటో తీసేది మనిషి చెయ్యి.

ప్రోబ్‌ని కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే గోడ అడ్డంగా కోయబడి మందంగా కనిపిస్తుంది. కీరదోసకాయని నిలువుగా కాకుండా ఏటవాలుగా కోస్తే ముక్క పెద్దదిగా వచ్చినట్టే. ముందు నుంచి చూస్తే ఒక మందం, పక్క నుంచి చూస్తే ఇంకో మందం, ఎందుకంటే గోడ చుట్టూ సమానంగా పెరగదు. యూకే బయోబ్యాంక్‌లో ఒక్కో వైపు రెండేసి నిర్ణీత కోణాల్లో, మొత్తం నాలుగు కోణాల్లో కొలిచింది ఇందుకే.

చోటు కూడా ముఖ్యమే. కెరోటిడ్ ధమని మెడలో పైకెళ్లాక రెండుగా చీలుతుంది. చీలే ముందు కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుకి కింద, నిటారుగా ఉన్న ఒక సెంటీమీటరు ముక్కలో, ప్రోబ్‌కి దూరంగా ఉండే గోడ మీద కొలవాలన్నది పద్ధతి. దగ్గరి గోడ మీద అంచు అంత స్పష్టంగా రాదు. నాలుగు మిల్లీమీటర్లు పైకి జరిగి ఉబ్బు దగ్గర కొలిస్తే అంకె అమాంతం పెరుగుతుంది, మనిషి ఆరోగ్యం మాత్రం మారదు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది గుండె చప్పుడు సంగతి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమని ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు బెలూన్ రబ్బరులా గోడ పలచబడుతుంది, గుండె వదులైనప్పుడు మళ్లీ మందమవుతుంది. ఈ తేడా దాదాపు 0.04 మిల్లీమీటరు. ఏడాదికి పెరిగేది 0.01 అనుకుంటే, ఒక్క గుండె చప్పుడులో నాలుగేళ్ల వయసు పెరిగి తగ్గినట్టు! అందుకే మంచి సెంటర్లలో ఈసీజీ వైర్లు పెట్టి, గుండె వదులుగా ఉండే క్షణానే ఫొటోని ఆపుతారు. మీ స్కానింగ్‌లో ఈసీజీ పెట్టారా లేదా అన్నది రిపోర్టులో సాధారణంగా కనపడదు, అడగాలి.

సాఫ్ట్‌వేర్ తనంతట తానూ దారి తప్పుతుంది. కొవ్వు ముద్ద మెత్తగా ఉంటే అది రక్తంలాగే నల్లగా కనిపిస్తుంది, ప్రోగ్రామ్ దాన్ని దాటేసి వెనక గోడని పట్టుకుంటుంది. మెడ లావుగా ఉన్నవాళ్లలో ఫొటో మసకగా వస్తే గీత బయటి పొర మీదకి జారిపోతుంది. అందుకే ఆటో అంకె ఇచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ గీసిన రెండు రంగు గీతలు గోడ వెంట సరిగ్గా ఉన్నాయో లేదో డాక్టర్ కళ్లతో చూసి ఒప్పుకోవాలి. చూడకుండా అంకెని అచ్చు వేస్తే ఆటో ఉన్నా లేకపోయినా ఒకటే.

0.9 అనే గీత ఎక్కడిది?

ఆన్‌లైన్‌లో కనిపించే ఆ 0.9 ఊహించి రాసింది కాదు. యూరప్‌లోని హైపర్‌టెన్షన్ సొసైటీ మార్గదర్శకాలు బీపీ ఉన్నవాళ్లలో 0.9 ఎంఎం దాటితే రక్తనాళాలకి దెబ్బ తగిలిన గుర్తుగా తీసుకున్నాయి. ఇబ్బంది ఏంటంటే 35 ఏళ్ల మనిషికి 0.8 అంటే ఎక్కువే. 70 ఏళ్ల మనిషికి 0.9 వింతేమీ కాదు. అందుకే అమెరికన్ ఎకోకార్డియోగ్రఫీ సొసైటీ 2008లో వేరేలా చెప్పింది. మీ వయసు, మీ లింగం ఉన్న వంద మందిని వరుసలో నిలబెడితే మీరు ఎక్కడుంటారో చూడాలి, 75వ స్థానం దగ్గర లేదా దాని పైన ఉంటే ముప్పు పెరిగినట్టు లెక్క అని. చాలా రిపోర్టుల్లో ఈ పోలిక ఉండదు, ఉత్త అంకె ఉంటుంది.

పోలిక సరిగ్గా చేసినా, ఆ అంకె ఎంత చెప్తుంది? 2007లో 37 వేల మందికి పైగా వివరాలను కలిపి చూసిన విశ్లేషణలో, మందం 0.1 ఎంఎం ఎక్కువ ఉంటే భవిష్యత్తులో గుండెపోటు ముప్పు 10 నుంచి 15 శాతం, పక్షవాతం ముప్పు 13 నుంచి 18 శాతం ఎక్కువ ఉన్నట్టు తేలింది. ఈ లెక్క బయటకొచ్చాక పరీక్షకి గిరాకీ పెరిగింది. 2010లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు, ముప్పు మధ్యస్థంగా ఉన్నవాళ్లకి ఈ పరీక్ష చేయొచ్చని మార్గదర్శకాల్లో పెట్టాయి.

సరిగ్గా మూడేళ్లకి, 2013లో, అవే సంఘాలు మాట మార్చాయి. రొటీన్‌గా చేయొద్దన్నాయి. మధ్యలో 2012లో 'జామా' జర్నల్‌లో 45 వేల మందికి పైగా వివరాలతో ఒక విశ్లేషణ వచ్చింది. వాళ్లు అడిగిన ప్రశ్న వేరు. బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగ తాగడం, వయసు.. ఇవన్నీ తెలిశాక, మెడ స్కానింగ్ అంకె కొత్తగా ఏం చెప్తోంది? ముప్పు అంచనా మెరుగుపడింది మొత్తం మీద నికరంగా 0.8 శాతమే. మధ్యస్థ ముప్పు ఉన్నవాళ్లలో 3.6 శాతం. అంటే మందం నిజంగానే ముప్పుతో ముడిపడి ఉంది, కానీ అందులో చాలా భాగం మనకి బీపీ మెషీన్, రక్త పరీక్ష ముందే చెప్పేశాయి. 2016లో యూరప్ మార్గదర్శకాలు కూడా ముప్పు అంచనా కోసం ఈ మందం కొలత వద్దన్నాయి.

మెతుకు సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. గోడ మందమైందంటే కొవ్వు పేరుకుందనే కాదు. బీపీ ఎక్కువగా ఉంటే ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి మధ్య పొరలోని కండరం బలిసిపోతుంది, వయసుతో కూడా అలాగే అవుతుంది. అల్ట్రాసౌండ్ రెండు పొరల్నీ కలిపే కొలుస్తుంది కాబట్టి ఏది పెరిగిందో చెప్పలేదు. ప్లాక్ సంగతి వేరు. గోడ ఒకచోట రక్తం దారిలోకి కనీసం 0.5 ఎంఎం పొడుచుకొస్తే, లేదా మందం 1.5 ఎంఎం దాటితే దాన్ని ప్లాక్ అంటారు. ముప్పు చెప్పడంలో మందం సగటు కంటే ప్లాక్ ఉందా లేదా అన్నదే ఎక్కువ పనికొస్తుంది. గుండె రక్తనాళాల్లో కాల్షియం చూసే సీటీ స్కాన్ కూడా ఈ మందం కంటే బాగా చెప్తుందని పరిశోధనల్లో తేలింది.

ఒక మందు, 0.005 ఎంఎం, ఏడేళ్లు

ఈ అంకె మీద అతిగా ఆధారపడితే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. 2008లో 'ఎన్‌హాన్స్' అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే 720 మందిలో సగం మందికి సిమ్వాస్టాటిన్ ఒక్కటే ఇచ్చారు, మిగతా సగానికి దాంతో పాటు ఎజెటిమైబ్ కూడా ఇచ్చారు. రెండేళ్లు చూశారు. రెండు మందులు వాడినవాళ్లలో చెడు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా తగ్గింది. కానీ మెడ ధమని మందంలో మేలేమీ కనపడలేదు. ఒక గుంపులో సుమారు 0.006 ఎంఎం పెరిగితే, రెండు మందుల గుంపులో 0.011 పెరిగింది. తేడా 0.005 ఎంఎం, గణాంకాల ప్రకారం లెక్కలోకి రానంత.

అమెరికాలో పెద్ద దుమారం రేగింది. ఎజెటిమైబ్ దండగ అని వార్తలొచ్చాయి. ఇంత కొలెస్ట్రాల్ తగ్గినా మేలు లేదంటే అసలు కొలెస్ట్రాల్ సిద్ధాంతమే తప్పా అన్న వాళ్లూ ఉన్నారు. ఏడేళ్ల తర్వాత, 2015లో, 18 వేల మందికి పైగా గుండె జబ్బు రోగులతో చేసిన 'ఇంప్రూవ్-ఇట్' ట్రయల్ అచ్చయింది. అందులో కొలిచింది మందం కాదు, గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు. అదే ఎజెటిమైబ్ కలిపి వాడినవాళ్లలో ఇలాంటి ఘటనలన్నీ కలిపి లెక్కిస్తే కొద్దిగానే అయినా స్పష్టంగా తగ్గాయి, మరణాలు మాత్రం విడిగా చూస్తే తగ్గలేదు. ఇవాళ ఆ మాత్ర మన దగ్గర కూడా డాక్టర్లు రాస్తున్నారు.

న్యూస్ రూమ్‌లో పనిచేసే నాకు ఈ కథ కొంచెం గుచ్చుకుంటుంది. 0.005 ఎంఎం మీద హెడ్‌లైన్ పెట్టడం ఎంత తేలికో మాకు తెలుసు.

అలాగని కొలత పూర్తిగా పనికిరానిదీ కాదు. 2020లో 119 ట్రయల్స్‌లోని లక్ష మంది వివరాలను కలిపి చూస్తే, మందం పెరిగే వేగాన్ని తగ్గించిన చికిత్సల్లో గుండె జబ్బుల ఘటనలు కూడా తగ్గినట్టు కనిపించింది. వేల మందిని కలిపితే అర్థం వస్తుంది, ఒక్కడి రెండు రిపోర్టులు పక్కపక్కన పెడితే రాదు.

మన ఊళ్లలో ఏం తేలింది?

గుంపుగా చూడటానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గర్లోని గ్రామాల్లో గర్భిణులకి, చిన్నపిల్లలకి అదనపు పోషకాహారం ఇచ్చి ఒక ట్రయల్ చేశారు. అప్పటి పిల్లల్ని పెద్దయ్యాక, వాళ్ల తల్లిదండ్రులతో సహా మళ్లీ పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అంటారు దాన్ని. అందులో మెడ ధమని మందం కూడా కొలిచారు. అవే గ్రామాల గాలిలో ఉన్న సన్నని ధూళిని లెక్కగట్టి పోల్చితే, ధూళి ఎక్కువ ఉన్నచోట గోడ మందం కాస్త ఎక్కువగా ఉండే ధోరణి, ముఖ్యంగా మగవాళ్లలో, కనిపించింది. కట్టెల పొయ్యి మీద వండే ఆడవాళ్లలోనూ అలాంటి ఛాయలే ఉన్నాయని 2020లో ప్రచురించారు. ఇక్కడ ఎవరికీ ఇంత మందం ఉంది, భయపడు అని చెప్పలేదు. పొగకీ రక్తనాళానికీ ఉన్న సంబంధం వెతికారు.

చేతిలో పట్టే ఏఐ ప్రోబ్‌లు వచ్చాయి కదా, ఊరూరా ఆశా కార్యకర్తలే కొలిచేయొచ్చు కదా అని అడగొచ్చు. మన దేశంలో అది అంత తేలిక కాదు. లింగ నిర్ధారణ అడ్డుకోవడానికి 1994లో తెచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్టర్ కాని చోట అల్ట్రాసౌండ్ మెషీన్ వాడటం నేరం. మెడ కోసమే తెచ్చామన్నా మెషీన్ మెషీనే.

స్వీడన్‌లో మాత్రం ఈ స్కానింగ్‌ని ఇంకోలా వాడారు. వెస్టర్‌బోటెన్ ప్రాంతంలో 40, 50, 60 ఏళ్ల వయసున్న 3,532 మందికి మెడ స్కానింగ్ చేశారు. సగం మందికి తమ రక్తనాళం వయసెంతో రంగుల బొమ్మగా గీసి పంపారు, ప్లాక్ ఉంటే ఎర్ర లైటు, లేకపోతే పచ్చ లైటు. నర్సు ఫోన్ చేసి వివరించింది, వాళ్ల డాక్టర్లకి కూడా బొమ్మ పంపారు. మిగతా సగానికి స్కానింగ్ చేశారు కానీ ఫలితం చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే బొమ్మ చూసినవాళ్లలో గుండె జబ్బు ముప్పు స్కోరు తక్కువగా ఉంది. 2019లో 'లాన్సెట్'లో వచ్చింది. కొలెస్ట్రాల్ 190 అంటే కదలని మనిషి, తన మెడలోని గోడ బొమ్మ చూస్తే కదులుతాడేమో. నాకైతే ఈ వాడకమే బాగా నచ్చింది.

రిపోర్టు చేతికొస్తే

ముందు 'ప్లాక్' అనే మాట ఉందా చూడండి. ఉంటే మందం అంకె పక్కన పెట్టి డాక్టర్‌ని కలవండి. స్టెనోసిస్ అని శాతాల్లో రాసి ఉంటే అది ఇంకో విషయం, ధమని ఎంత మేర పూడుకుందో చెప్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లకి, కాసేపు మూతి వంకర పోయి మాట తడబడి మళ్లీ మామూలైనవాళ్లకి ఆ కెరోటిడ్ డాప్లర్ తప్పనిసరి, వాళ్లు ఈ కథనంలోని 'అంత అవసరం లేదు' అనే మాటలని తమకి అన్వయించుకోవద్దు. అలాంటి లక్షణాలు అప్పుడే మొదలైతే రిపోర్టుల కోసం ఆగొద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా నాలుగున్నర గంటలే టైమ్.

ప్లాక్ లేదు, ఉత్త మందమే ఉంది అంటే దాన్ని మీ వయసుతో పోల్చి చెప్పమనండి. ఆరు నెలలకి ఇంకో సెంటర్‌లో, ఇంకో మెషీన్ మీద మళ్లీ చేయించి 0.82 కాస్తా 0.76 అయిందని మందులు ఆపేయొద్దు. ఆ తేడా ప్రోబ్ పట్టుకున్న చేతిది కావచ్చు. 0.60 వచ్చిందని సిగరెట్ ప్యాకెట్ మళ్లీ తెరవొద్దు కూడా.

ఇంతకీ మా కొలీగ్ నాన్నగారి సంగతి. వారం తర్వాత కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లారు. డాక్టర్ ఆ సున్నా చుట్టిన లైన్‌ని ఒక్క క్షణం చూసి, ప్లాక్ లేదు, మీ వయసుకి పెద్ద ఎక్కువేం కాదు అని పేజీ తిప్పేశారట. చెయ్యి చాపమని బీపీ చూస్తే 168/100. "మాత్రలు వేసుకుంటున్నారా అంకుల్?" అని అడిగితే ఆయన కూతురి వైపు చూశారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మూడు నెలల క్రితమే ఆపేశారు. చెకప్ రిపోర్టు మొదటి పేజీలో, పేరు, ఎత్తు, బరువు కింద, అదే బీపీ 164/98 అని అచ్చయి ఉంది. దాని చుట్టూ ఎవరూ సున్నా చుట్టలేదు. ఇంట్లో ఎవరూ చూడలేదు, ఫోన్‌లో పేజీ జూమ్ చేసి చూసిన నేనూ చూడలేదు.